టెన్నిస్ వ్యాఖ్యానం నేర్చుకుందాం – మూడవ పాఠం: బంతి ఆటలో ఉన్నప్పుడు

గత పాఠంలో స్కోరు చెప్పే పద్ధతి చూశాం. టెలివిజన్ వ్యాఖ్యాతకు అంతకంటే కష్టమైన పని నోరు మెదపకుండా ఉండవలసిన క్షణాన్ని గుర్తించడం. దీనిని నేర్చుకోవడానికి బీబీసీ వ్యాఖ్యాత డాన్ మాస్కెల్ కంటే మంచి గురువు లేరని నా నమ్మకం.

1908లో లండన్‌లో పుట్టిన మాస్కెల్, క్వీన్స్ క్లబ్‌లో బంతులు అందించే కుర్రాడిగా మొదలై, శిక్షకుడిగా ఎదిగి, 1929లో వింబుల్డన్ పోటీలు నిర్వహించే ఆల్ ఇంగ్లండ్ క్లబ్‌లో చేరారు. ఆట నేర్పి జీతం తీసుకునేవారు కనుక ఆనాటి నిబంధనల ప్రకారం ఆయన ప్రొఫెషనల్. ప్రొఫెషనల్ ఆటగాళ్లకు 1968 వరకు ఆ పోటీల్లో ప్రవేశం లేదు. బ్రిటిష్ ప్రొఫెషనల్ టైటిల్‌ను 16 సార్లు గెలిచిన మనిషి, తాను పనిచేసిన చోటే జరిగే వింబుల్డన్‌లో ఒక్కసారీ ఆడలేకపోవడం ఎంత అన్యాయం! అయినా 1933లో దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్ గెలిచిన, ఫ్రెడ్ పెర్రీ ఆడిన బ్రిటన్ జట్టుకు శిక్షణ ఇచ్చింది ఆయనే.

1949లో రేడియోలో మొదలుపెట్టి, 1951లో టెలివిజన్‌కు మారి, 1991 వరకు ఆయన వింబుల్డన్ వ్యాఖ్యానం చెప్పారు. రేడియో శ్రోతకు బంతి కనిపించదు కనుక ప్రతి దెబ్బనూ మాటల్లో చూపాలి. టెలివిజన్ ప్రేక్షకుడికి అన్నీ కనిపిస్తూనే ఉంటాయి కనుక అదే పని అక్కడ చేస్తే చెవులకు భారమే మిగులుతుంది. మాస్కెల్ ర్యాలీ (బంతి అటూ ఇటూ తిరిగే ఆట) సాగినంతసేపు మౌనంగా ఉండి, అద్భుతమైన దెబ్బ పడితే "ఓ, ఐ సే!" అని ఆగిపోయేవారు. ఆ రెండు క్షణాల ఆశ్చర్యం వెనుక ఏళ్ల తరబడి ఆటగాళ్లను దగ్గరుండి గమనించిన శిక్షకుడి కన్ను ఉందని ప్రేక్షకులకు తెలుసు కాబట్టే దానికి అంత విలువ వచ్చింది.

ఇక మన సాధన. ఒక క్రీడాకారిణి బ్యాక్‌హ్యాండ్‌తో పాయింటు గెలిచిందనుకోండి. "బ్యాక్‌హ్యాండ్ కొట్టింది, బంతి లైన్ మీద పడింది" అనడం వృథా. "ఇంతవరకు ప్రతిసారీ క్రాస్‌కోర్ట్ (కోర్టుకు ఐమూలగా) కొట్టింది, ఈసారి పక్క లైన్ వెంబడి నేరుగా పంపింది" అంటే, ప్రేక్షకుడు చూసినదానికి అతను గమనించని కారణం తోడవుతుంది.

1980 వింబుల్డన్ పురుషుల ఫైనల్‌లో బోర్గ్, మెకన్రోల మధ్య నాలుగో సెట్ టైబ్రేక్‌ను (గేములు సమమైనప్పుడు సెట్ విజేతను తేల్చే ఆటను) శబ్దం తీసివేసి చూడండి. మెకన్రో 18–16తో గెలిచిన ఆ టైబ్రేక్‌లో 34 పాయింట్లు ఉన్నాయి. సర్వ్ కోసం బంతి పైకి లేచినప్పటి నుంచి పాయింటు ముగిసేవరకు ఒక్క మాటా వద్దు. ముగిశాక చప్పట్లకు, అంపైర్ స్కోరుకు చోటు వదిలి, అవసరమనిపిస్తేనే ఒక వాక్యం చెప్పండి. సర్వ్ చేసేవారు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర నిలబడేసరికి అది పూర్తి కావాలి. మీ గొంతును ఫోన్‌లో రికార్డు చేసుకొని, తెరపై కనిపించినదాన్నే తిరిగి చెప్పిన వాక్యాలన్నీ కొట్టివేసి, మిగిలినవాటితో మళ్లీ చెప్పండి. ఆటగాళ్లు కోర్టు వైపులు మారే 90 సెకన్ల విరామంలో ఏం మాట్లాడాలో నాలుగవ పాఠంలో చూద్దాం. అప్పటికి ఈ రికార్డింగు మీ దగ్గర ఉండాలి.