చెవి సరిగా ఏర్పడని నవజాత శిశువుకు వినికిడి పరీక్షలు ఎలా చేయించాలి?

చెవి డొప్ప చిన్నదిగా ముడుచుకుపోయి ఉంటే మైక్రోషియా అని, చెవి రంధ్రం మూసుకుపోయి ఉంటే అట్రీషియా అని వైద్యులు అంటారు. గర్భంలో లోపలి చెవి, బయటి చెవి వేర్వేరు కణజాలాల నుంచి ఏర్పడతాయి కాబట్టి, చెవి డొప్ప లేకపోయినా చాలామంది శిశువుల్లో లోపలి చెవి బాగానే ఉంటుంది. గ్రహణం వేళ తల్లి బయటికి వచ్చినందువల్లే ఇలా జరిగిందని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాటను అక్కడే ఆపండి. బాలింతను అది ఎంతో బాధిస్తుంది, పైగా అందులో నిజం లేదు.

మొదట, నెల లోపే ఆడియాలజిస్టు (వినికిడి పరీక్షలు చేసే నిపుణులు) దగ్గరికి తీసుకెళ్లండి. ప్రసూతి ఆసుపత్రుల్లో సాధారణంగా చేసే ఓఏఈ అనే ప్రాథమిక వినికిడి పరీక్షకు రంధ్రంలో చిన్న గొట్టం పెట్టాలి కాబట్టి, మూసుకుపోయిన చెవికి అది పనికిరాదు. నేరుగా బెరా పరీక్షనే అడగండి. నుదుటిపైనా చెవుల వెనకా ఎలక్ట్రోడ్లు అతికించి, నిద్రలో ఉన్న బిడ్డ మెదడు శబ్దానికి ఎలా స్పందిస్తుందో ఇందులో చూస్తారు. అందువల్ల బిడ్డను దారిలో నిద్రపోనివ్వకుండా తీసుకెళ్లి, పరీక్షకు ముందు పాలు పట్టండి.

గాలి ద్వారానే కాక ఎముక ద్వారా, అంటే తల ఎముకను కంపింపజేసి శబ్దాన్ని నేరుగా లోపలి చెవికి పంపి కూడా, బెరా చేయమని తప్పక చెప్పండి. ఎముక ద్వారా వినికిడి మామూలుగా ఉండి, గాలి ద్వారా 40 నుంచి 60 డెసిబెల్స్ లోటు కనిపిస్తే, శబ్దం దారిలోనే ఆగిపోతోందని అర్థం. రెండో చెవి చూడటానికి చక్కగా ఉన్నా దాన్నీ పరీక్షించాలి. నా ఉద్దేశంలో కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: బిడ్డ ఆధారపడేది ఆ చెవి మీదే కనుక, జలుబుతో అందులో నీరు చేరినా మాటలు సరిగా వినబడవు.

నిర్ధారణ మూడు నెలల లోపు, సాయం ఆరు నెలల లోపు అందాలి. ఆపరేషన్ వయసు వచ్చేదాకా ఆగుదామనుకుంటే మాటలు నేర్చే కాలం గడిచిపోతుంది, ఎందుకంటే పక్కటెముక మృదులాస్థితో చెవి డొప్ప కట్టేది సాధారణంగా ఆరేళ్లు దాటాకే. అప్పటిదాకా తలకు మెత్తని పట్టీతో కట్టే ఎముక వాహక వినికిడి యంత్రం ఉంది. రెండు చెవులూ మూసుకుపోయిన బిడ్డకు ఇది అత్యవసరం; ఒక్క చెవే అయితే ఆడియాలజిస్టుతో చర్చించి నిర్ణయించుకోండి.

దవడ, వెన్నెముక, మూత్రపిండాల్లోనూ లోపాలు ఉండే అవకాశం ఉంది కనుక పిల్లల వైద్యుడికి చూపించి, స్కానింగ్ అవసరమేమో అడగండి. 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతో వచ్చే వినికిడి లోపాన్నీ చూస్తుంది; జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్సా కేంద్రంలో విచారించండి.

ఇంట్లో స్నానం వేళ చెవిలో నూనె పోయవద్దు, మూసుకుపోయిన చోట పుల్లలు పెట్టవద్దు. పట్టీ కింద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూసుకుంటూ, బిడ్డతో బాగా వినిపించే చెవి వైపు కూర్చుని మాట్లాడండి.