ఉప్పునీటి అక్వేరియంలో పంపు రొద తగ్గించడం ఎలా?

మా నాన్నగారి రొయ్యల చెరువు ఉండి దగ్గర. రాత్రంతా ఏరేటర్ల చప్పుడులో కాపలా కాసి, పొద్దున్నే భీమవరంలోని ఇంటికొచ్చి నడుం వాలుస్తారు. నేను హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టిన మూడో రోజు ఆయన లేచి కూర్చుని అన్నమాట: "చెరువు దగ్గర రొద చాలక ఇంట్లో కూడా ఏరేటర్ పెట్టావేంట్రా?"

నిజానికి ఆ పంపు గుప్పిట్లో పట్టేంత. అయినా సంపులో, అంటే అక్వేరియం కింద స్టాండులో ఉండే రెండో తొట్టిలో దించి గొట్టం బిగించగానే హాలంతా గుంయ్‌మనేది. తంబురా తీగ ఒక్కటే మోగితే ఎంత వినిపిస్తుంది? కింద బుర్ర ఉండాలి కదా. ఇక్కడ ఆ బుర్ర పని చేసేది చెక్క స్టాండు. కాబట్టి దొరికిన చోటల్లా స్పాంజీ కుక్కకుండా, చప్పుడు ఎక్కడ పుట్టి ఏ దారిన స్టాండులోకి చేరుతోందో ముందు చూడాలి.

1. ఏ చప్పుడో తేల్చుకోండి

ఇల్లు సద్దుమణిగాక రాత్రి పూట చూడండి. సంపు నుంచి నీళ్లు పైకి తోసే పంపు, తొట్టిలో అలలు పుట్టించే వేవ్‌మేకర్, బుడగలతో మురికి తేల్చి తీసే స్కిమ్మర్, ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపుతూ వినండి. హీటర్ ఉంటే అన్నిటికంటే ముందు దాన్నే ఆపాలి. నీటిమట్టం తగ్గి హీటర్ బయటపడితే గాజు పగులుతుంది. చెయ్యి నీళ్లలో పెట్టేముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గులు పీకేయాలి. ఉప్పునీళ్లతో, తడి చేతులతో ఆటలొద్దు.

చప్పుడును బట్టే సగం జబ్బు తెలిసిపోతుంది. గుంయ్‌మని ఒకే స్థాయిలో మోగితే కంపనం ఎక్కడికో పాకుతోంది. కటకట, గరగర అంటే పంపు లోపల తిరిగే ఇంపెల్లర్ సంగతి. గుడగుడ అంటే పైనుంచి నీళ్లు దిగే గొట్టంలో గాలి. జుర్రుమంటే పంపు నీళ్లతో పాటు గాలి కూడా పీలుస్తోంది.

గుంయ్‌మనేది పంపుదా, అమరికదా అన్న అనుమానం తీరాలంటే బకెట్ పరీక్ష చేయండి. బకెట్లో నీళ్లు నింపి, పంపును గోడలకూ అడుగుకూ తగలకుండా తాడుతో వేలాడదీసి, అప్పుడు ప్లగ్గు పెట్టండి. అక్కడ కూడా అరిస్తే లోపం పంపులోనే. బకెట్లో బుద్ధిగా ఉండి సంపులో అరిస్తే మూడో మెట్టుకు వెళ్లిపోండి.

2. పంపు కడగండి

ఉప్పునీళ్లలోని కాల్షియం గట్టిపడి ఇంపెల్లర్ మీద సున్నపు పెంకులా పేరుకుంటుంది. అప్పుడది సమంగా తిరగక గీరుకుంటుంది. మూత తిప్పి ఇంపెల్లర్ బయటికి తీయండి. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గంటసేపు నానబెట్టండి. వెనిగర్ లేకపోతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు నీళ్లలో కరిగించినా చాలు. బుడగలు వస్తున్నాయంటే సున్నం కరుగుతోందన్నమాట. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లలో బాగా కడగాలి.

మధ్యలో ఉండే పింగాణీ ఇరుసు జాగ్రత్త, జారిపడితే రెండు ముక్కలే. దానికి రెండు చివరలా ఉండే చిన్న రబ్బరు తొడుగులు అరిగినా, ఊడిపోయినా కటకట తగ్గదు. అయస్కాంతం ఉబ్బి తుప్పు కనిపిస్తే ఆ ఇంపెల్లర్ పారేయండి. కొందరు కుట్టుమిషన్ నూనె వేస్తారు, ఆ పని మాత్రం చేయకండి. ఈ పంపులకు నీళ్లే నూనె.

3. కంపనం దారి కట్టేయండి

మా ఇంట్లో అసలు దొంగ ఇక్కడే దొరికాడు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఈ కరెంటుతో నేరుగా నడిచే మామూలు ఏసీ పంపు కాయిల్ ఒక్కో ఊపుకు రెండుసార్లు చొప్పున అయస్కాంతాన్ని సెకనుకు 100 సార్లు కదుపుతుంది. పంపుకు గట్టి పీవీసీ గొట్టం నేరుగా బిగిస్తే ఆ వణుకంతా గొట్టం వెంట ఎక్కి, స్టాండు చెక్కను మోగిస్తుంది. గొట్టాన్ని పంపుకు పైన కోసి, మధ్యలో జానెడు మెత్తని సిలికాన్ గొట్టం వేశాను. సగం రొద అక్కడికక్కడే పోయింది. ఆ ముక్క బిగుతుగా లాగినట్టు కాకుండా కాస్త వదులుగా, వంపు తిరిగి ఉండాలి. పట్టి ఉంచడానికి ప్లాస్టిక్ టైలు వాడండి. ఇత్తడి, రాగి క్లిప్పులు వద్దే వద్దు, రాగి కరిగితే పగడాలు, రొయ్యలు బతకవు.

తర్వాత గొట్టం స్టాండు రంధ్రంలో నుంచి వచ్చేచోట చూడండి. చెక్కకు తగులుతుంటే రంధ్రం పెద్దది చేసి మెత్తని రబ్బరు చుట్టండి. పంపు సంపు గోడకు ఆనకూడదు. వైరు, స్కిమ్మర్ కప్పు, స్టాండు తలుపు కూడా ఒక్కోటీ చేత్తో నొక్కి చూడండి. ఏది నొక్కితే చప్పుడు తగ్గుతుందో, పని అక్కడుంది.

పంపు కింద సిలికాన్ మ్యాట్ వేయాలి. సంపు బయట పెట్టే పంపుకైతే పాత హవాయి చెప్పు ముక్కలు నాలుగు కోసి పెట్టినా భేషుగ్గా పనిచేస్తాయి. నీళ్ల లోపల మాత్రం చెప్పు ముక్కలు పెట్టకండి, ఆ రబ్బరులో ఏం కలిపారో మనకు తెలియదు. నిండిన తొట్టెను మాత్రం ఎత్తి కింద ఏదో దూర్చే ప్రయత్నం చేయకండి.

4. నీళ్ల చప్పుడు

పంపు జుర్రుమంటే ముందు సంపులో నీటిమట్టం చూడండి. మే నెలలో మా హాల్లో నీళ్లు చూస్తుండగానే తగ్గిపోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి పోయాల్సింది ఉప్పులేని ఆర్వో నీళ్లు. నాన్నగారి సలహా మీద చెరువు నీళ్లు పోయబోయి ఆగాను. మా వైపు చాలా చెరువుల్లో ఉప్పు సముద్రం కంటే బాగా తక్కువ, పైగా చెరువులో ఏముంటే అవన్నీ ఇంట్లోకొస్తాయి.

దిగే గొట్టం చివర సంపు నీళ్లలో అంగుళం లోతు మునిగి ఉంటే జలపాతం చప్పుడు పోతుంది. మరీ లోతుకు దించితే లోపలి గాలి బయటికి పోలేక మళ్లీ గుడగుడలాడుతుంది. అప్పటికీ తగ్గకపోతే పైన గొట్టం మూతకు సన్నని రంధ్రం వేసి, కొంచెం కొంచెంగా పెద్దది చేస్తూ వినండి. రంధ్రం ఎక్కువైతే టేప్ అంటించుకోవచ్చు.

నీళ్ల జోరు తగ్గించాలంటే వాల్వు పంపు తోసే వైపు తిప్పండి. పీల్చే వైపు బిగిస్తే పంపు ఇంకా గోల చేస్తుంది.

5. కరెంటు పోయి వచ్చాక

కరెంటు వచ్చిన క్షణంలో ఏసీ పంపు ఒక్కోసారి కటకటలాడుతూ మొరాయిస్తుంది. ప్లగ్గు తీసి, కాసేపాగి పెడితే సర్దుకుంటుంది. ఇన్వర్టర్ మీద ఉన్నంతసేపే రొద ఎక్కువైతే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. ప్యూర్ సైన్ వేవ్‌ది వాడితే ఆ తేడా ఉండదు. ఎలాగూ పంపు మార్చే ఉద్దేశం ఉంటే, వేగం తగ్గించుకునే వీలున్న డీసీ పంపు కొనండి. ధర ఎక్కువే, కానీ నిద్ర పడుతుంది.

స్టాండు తలుపులు బిగించి లోపల థర్మోకోల్ అంటించడం మాత్రం నాకు నచ్చదు. మన ఎండల్లో పంపు వేడి లోపలే ఉండిపోయి నీళ్లు కాగుతాయి.

ఇప్పుడు మా హాల్లో ఫ్యాను చప్పుడే పెద్దది. నాన్నగారు మాత్రం పడుకునే ముందు లేచి తొట్టి దగ్గరికెళ్లి పైన నీళ్లు కదులుతున్నాయో లేదో చూసొస్తారు. చెరువు దగ్గర రొద ఆగిందంటే పరుగెత్తే అలవాటు ఆయనది. పంపు ఆగినా వినపడని ఇంట్లో అలా రోజుకోసారి మీరూ చూడాలి.