వెనక సీట్లోంచి ఆల్ప్స్: జంటగా, ఫ్రెండ్స్‌తో కలిసి బైక్ టూర్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

ఆల్ప్స్‌లో బైక్ మీద తిరిగి రావాలనుకునే జంటలు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒక్కటే, ప్లాన్ వెనక సీట్లోంచి మొదలుపెట్టండి. నడిపే మనిషికి మలుపు మలుపుకీ చేతినిండా పనే, క్లచ్చు, గేరు, బ్రేకు. వెనక కూర్చున్న మనిషికి ఆ పనేం ఉండదు కదా, గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి, నడుం ముందు పట్టేసేది తనకే, చలి ముందు తెలిసేది తనకే, రోడ్డు అంచు పక్కన లోయ తీరిగ్గా కనపడేదీ తనకే. ఆ మనిషి మూడో రోజుకే అలిసిపోయి మాట్లాడ్డం మానేస్తే ఇక మిగతా రోజులన్నీ ఇద్దరికీ భారమే.

మేం మూడు జంటలం, మూడు బళ్ళు, పది రోజులు. జర్మనీలోని మ్యూనిక్‌లో బళ్ళు అద్దెకి తీసుకుని ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్ చుట్టి మళ్ళీ మ్యూనిక్‌కే వచ్చాం. నేను మా ఆయన వెనక కూర్చున్నాను, కాబట్టి ఇందులో రాసేవన్నీ అక్కడి నుంచి చూసినవే.

ముందు ఎప్పుడెళ్ళాలో చూద్దాం. ఎత్తైన కనుమలు చాలావాటిని చలికాలమంతా మంచు వల్ల మూసేస్తారు, మేలోనో జూన్‌లోనో తెరుస్తారు, అక్టోబర్ వచ్చేసరికి మళ్ళీ ఎప్పుడు మూస్తారో చెప్పలేం. జూన్ చివరి వారాలు, సెప్టెంబర్ మొదటి సగం బెస్ట్. ఆగస్టు 15 చుట్టుపక్కల ఇటలీ మొత్తం సెలవుల్లో ఉంటుంది, రూములు దొరకవు, రోడ్లు నిండిపోతాయి, ఆ వారం మాత్రం వద్దు.

కాగితాల సంగతి. షెంగెన్ వీసా ఒక్కటి తీసుకుంటే ఈ నాలుగు దేశాలూ తిరగొచ్చు, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి అప్లై చెయ్యాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలనేది వీసా రూల్, కానీ మీరు చూడాల్సింది ఆ అంకె ఒక్కటే కాదు, పాలసీలో మోటార్ సైకిల్ కవర్ అవుతుందా లేదా, అయితే ఎన్ని సీసీల దాకా, వెనక కూర్చున్న మనిషికి కూడా వర్తిస్తుందా అని, చాలా పాలసీల్లో పెద్ద బైకులు తీసేసి ఉంటాయి. లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, అందులో మోటార్ సైకిల్ కేటగిరీ మీద ముద్ర పడిందో లేదో ఆఫీసు దగ్గరే చూసుకోండి. కారు మీద మాత్రమే ముద్ర ఉంటే ఆ పర్మిట్‌తో బైక్ ఇవ్వరు.

ఇక బండి. ఇద్దరు వెళ్ళేటప్పుడు ఇంజన్ ఎంత పవర్ అనేదానికన్నా ఎంత బరువు మొయ్యగలదు అనేది ముఖ్యం. టూరింగ్‌కి ఎక్కువమంది తీసుకునే బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్‌నే చూడండి, ట్యాంకు నిండా పెట్రోల్‌తో 249 కిలోలు, అన్నీ కలుపుకుని అనుమతించే బరువు 465. అంటే మీ ఇద్దరికీ, జాకెట్లకీ, హెల్మెట్లకీ, పెట్టెలకీ, బట్టలకీ అన్నిటికీ కలిపి 216 కిలోలే. ఇద్దరు మనుషులు రైడింగ్ బట్టలతో 160 అయ్యారనుకోండి, ఖాళీ పెట్టెలు మూడు కలిపి పదిహేను దాకా ఉంటాయి, మిగిలింది నలభై, అది కూడా చివరి కిలో దాకా నింపకూడదు. అందుకే మనిషికి ఒక సైడు పెట్టె, అంతే. పైనున్న టాప్ బాక్స్‌లో రెయిన్ సూట్లు, నీళ్ళు, మందులు, దారిలో కావల్సినవి మాత్రమే. వెనక మనిషికి వీపు ఆనించుకునే దిండున్న టాప్ బాక్స్ అడిగి మరీ పెట్టించుకోండి, ఆ ఒక్క వస్తువు నాకు పది రోజులూ నడుం నిలబెట్టింది. ఎక్కబోయే ముందు టైర్లలో గాలి, వెనక సస్పెన్షన్ రెండూ ఇద్దరి బరువుకీ సెట్ చేయించండి. సెట్ చెయ్యకపోతే వెనక కిందికి కుంగి, ముందు చక్రం తేలికై, మలుపుల్లో బండి చెప్పినట్టు వినదు.

బండి చేతికిచ్చేటప్పుడు చుట్టూ తిరిగి నెమ్మదిగా వీడియో తియ్యండి, సైడు పెట్టెల మూలలు, రిమ్ములు, అద్దాల వెనకవైపు, క్రాష్ బార్ అడుగు అన్నీ. మా గ్రూపులో ఒక బండికి పాత గీత ఒకటి ఉంది, ఫోటో లేదు, తిరిగి ఇచ్చేటప్పుడు డిపాజిట్‌లోంచి కోసేశారు, ఎంత వాదించినా చూపించడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది.

ఫ్రెండ్స్ గురించి. మంచి ఫ్రెండ్స్ అయినంత మాత్రాన కలిసి బండి నడపగలరని కాదు, టికెట్లు కొనకముందే కూర్చుని మూడు విషయాలు తేల్చుకోవాలి: పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతాం, రోజుకి ఎంత దూరం, రూముకీ భోజనానికీ ఎంత ఖర్చు పెడతాం. నాలుగైదు బళ్ళు దాటితే ప్రతి సిగ్నల్ దగ్గరా విడిపోవడమే, మూడు నాలుగు చాలా హాయి. ముందు దారి చూపించే బండి ఒకటి, చివర కాపు కాసే బండి ఒకటి ఫిక్స్ చేసుకోండి, చివర్న బాగా అనుభవం ఉన్నవాళ్ళు ఉండాలి. మేం పెట్టుకున్న రూల్ చాలా సింపుల్, ఎవరైనా సరే దారి మారే ప్రతి చోటా వెనక బండి అద్దంలో కనపడేదాకా ఆగి ఆ తర్వాతే తిరగాలి. అప్పుడు వెనకబడ్డవాళ్ళు తప్పిపోతామేమో అని కంగారుపడి స్పీడు పెంచరు, గ్రూపు రైడ్లలో ఆ కంగారే ప్రమాదం. తిన్నటి రోడ్డు మీద ఎడం కుడి ఎడం కుడి అన్నట్టు జిగ్‌జాగ్‌గా వెళ్ళండి, మలుపులు మొదలవగానే ఒకరి వెనక ఒకరు.

దూరం విషయంలో మాత్రం అందరూ తప్పులో కాలేస్తారు. మ్యాప్‌లో 300 కిలోమీటర్లు అంటే ఏముందిలే అనిపిస్తుంది, కొండల్లో ఇద్దరితో 200 నుంచి 250 అంటే అదే పూర్తి రోజు. ఫోన్ నాలుగు గంటలు అని చూపిస్తే ఆరు అనుకోండి. గంటకోసారి ఐనా పావుగంట దిగాలి, నడిపేవాళ్ళు బానే ఉన్నా సరే దిగాలి, "ఇంకో అరగంట ఆగగలవా" అని వెనక మనిషిని అడిగితే మొహమాటానికి ఆగగలను అనే అంటారు, అందుకని అడగొద్దు, ఆపెయ్యండి. మూడు రోజులకోసారి ఒకే ఊళ్ళో రెండు రాత్రులు ఉండండి.

మా రూటు చెప్తాను, అటూ ఇటూ మార్చుకోవచ్చు. మ్యూనిక్ నుంచి ఆస్ట్రియాలో గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు, 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, 1935లో తెరిచారు, టోల్ ఉంటుంది, వెడల్పుగా నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి కొండగా ఇదే పెట్టుకోవడం మంచిది. అక్కణ్ణుంచి లియెంజ్ మీదుగా ఇటలీ డోలమైట్స్, సెల్లా కొండ చుట్టూ నాలుగు కనుమలు, సెల్లా, పోర్దోయ్, కంపొలాంగో, గార్దెనా, చుట్టు మొత్తం యాభై చిల్లర కిలోమీటర్లే. అక్కడ రెండు రాత్రులు ఉన్నాం, ఒక రోజు పెట్టెలు హోటల్లో పడేసి మగవాళ్ళు ముగ్గురూ చుట్టు తిరిగొచ్చారు, మేం ముగ్గురం పోర్దోయ్ పాస్ నుంచి కేబుల్ కార్‌లో 2,950 మీటర్ల సాస్ పోర్దోయ్ ఎక్కాం. వెనక కూర్చునేవాళ్ళు ఒక రోజు బండెక్కను అంటే దాన్ని అలకలా చూడకండి, ముందే ప్లాన్‌లో పెట్టెయ్యండి.

తర్వాత బోల్జానో, మెరానో మీదుగా స్టెల్వియో. 2,757 మీటర్లు, ప్రాటో వైపు నుంచి 48 హెయిర్‌పిన్‌లు, ప్రతిదానికీ నంబరు రాయి ఉంటుంది, కింద 48తో మొదలై పైకెళ్ళేకొద్దీ తగ్గుతుంది. ఈ రోడ్డుని 1820 నుంచి 1825 మధ్య ఆస్ట్రియా సామ్రాజ్యం కోసం కార్లో దోనెగాని అనే ఇంజనీరు కట్టించాడు, గుర్రబ్బళ్ళ కాలం రోడ్డు, మలుపులు అంత ఇరుగ్గా ఉంటాయి మరి. పొద్దున్న తొమ్మిది లోపు ఎక్కడం మొదలుపెట్టండి, పదకొండు దాటితే కార్లు, సైకిళ్ళు, క్యాంపర్ వ్యాన్లు అన్నీ ఒక్కసారే.

ఇక్కడ మలుపు తిప్పే పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. అక్కడ కుడి పక్కన నడపాలి, కాబట్టి కుడివైపు తిరిగే హెయిర్‌పిన్ లోపలి అంచున వస్తుంది, బాగా ఇరుకు, ఏటవాలు ఎక్కువ, ఎడమవైపుది కాస్త విశాలం. కుడి మలుపు రాకముందే తల పైకెత్తి పై రోడ్డు చూడాలి, ఎదురుగా బస్సో వ్యానో దిగుతుంటే కిందే తిన్నగా ఉన్న చోట ఆగిపోండి, అది దాటాకే ఎక్కండి. మలుపు మధ్యలో ఆగితే కాలు పెట్టడానికి నేల అందదు, ఇద్దరి బరువుతో బండి లోపలికి ఒరిగిపోతుంది. ఫస్ట్ గేరు, యాక్సిలరేటర్ సన్నగా స్థిరంగా, వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. చూపు మలుపు చివర రోడ్డు ఎటు పోతోందో అటు, పక్కనున్న గోడ మీద కాదు. దిగేటప్పుడు చిన్న గేరులోనే ఉంచి ఇంజన్‌తోనే ఆపుకోండి, ఊరికే బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది.

వెనకవాళ్ళు చెయ్యాల్సింది, బండి ఎంత వంగితే అంతే వంగాలి, భయంతో ఎదురువైపుకి వాలకూడదు. నేను మలుపు ఎటు తిరిగితే అటువైపు భుజం మీదుగా చూసేదాన్ని, శరీరం దానంతటదే సరైన చోట ఉంటుంది. బ్రేకు వేసినప్పుడల్లా నా హెల్మెట్ మా ఆయన హెల్మెట్‌కి టక్కున కొట్టుకునేది, మొదటి రెండు రోజులూ దాంతోనే తలనొప్పి. తర్వాత ఒక చెయ్యి వెనక గ్రాబ్ రైల్ మీద, ఒక చెయ్యి ఆయన నడుం పక్కనుంచి ట్యాంకు మీద ఆనించి, మోకాళ్ళు ఆయన తొడలకి నొక్కి పట్టడం మొదలెట్టాక ఆగిపోయింది. ఆయన కూడా ముందు వెనక బ్రేకు కాస్త తాకించి తర్వాత ముందుది పట్టడం అలవాటు చేసుకున్నారు. ఎక్కడం దిగడం కూడా అంతే, ఆయన రెండు కాళ్ళూ నేల మీద ఆనించి "ఊఁ, ఎక్కు" అన్నాకే ఎక్కాలి. ఇంటర్‌కామ్ ఉన్నా బ్యాటరీ అయిపోతుంది కాబట్టి భుజం మీద రెండు తట్లు అంటే సర్దుక్కూర్చున్నా బయల్దేరు అని, నాలుగైదు గబగబా తడితే వెంటనే ఆపు అని మాకు గుర్తు.

ఇంకో పని పూర్తిగా వెనకవాళ్ళది. ఎడమ పక్కన నడిపే అలవాటున్నవాళ్ళు ట్రాఫిక్‌లో తప్పు చెయ్యరు, ఖాళీ రోడ్డు మీద చేస్తారు, ముఖ్యంగా పొద్దున్నే హోటల్ గేటు దాటేటప్పుడు, పెట్రోల్ బంకులోంచి బయటికొచ్చేటప్పుడు. బయల్దేరిన ప్రతిసారీ నేను ఇంటర్‌కామ్‌లో "కుడి, ఏమండీ, కుడి" అనేదాన్ని, పదో రోజు కూడా మానలేదు.

చలిని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతి 1,000 మీటర్లకీ సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, అంటే కింద మెరానోలో 25 ఉంటే స్టెల్వియో పైన పది చుట్టుపక్కలే, దానికి తోడు గాలి. నడిపేవాళ్ళకి హీటెడ్ గ్రిప్స్ ఉంటాయి, వెనకవాళ్ళ చేతులకి ఏముంటుంది? నాకు పైకి చేరేసరికి వేళ్ళు కొంకర్లు పోయి హెల్మెట్ స్ట్రాప్ ఊడదీసుకోలేకపోయాను, మా ఫ్రెండ్ వచ్చి "ఉండక్కా, నేను తీస్తా" అని తీసింది. అందుకే ఎక్కడం మొదలుపెట్టకముందే కిందే ఆగి, లోపల ఉన్ని లేయరు, మందం గ్లౌజులు, గాలి ఆపడానికి పైన రెయిన్ జాకెట్ వేసేసుకోండి, చలి వేశాక వేసుకుంటే వంట్లో వేడి తిరిగి రావడానికి గంట పడుతుంది.

స్టెల్వియో దిగితే బోర్మియో, ఆ పక్కనే లివిన్యో, అది డ్యూటీ ఫ్రీ ఊరు, పెట్రోల్ చౌక, ట్యాంకులు నింపుకోండి. పెట్రోల్ ప్లాన్ ఎప్పుడూ గ్రూపులో చిన్న ట్యాంకు ఉన్న బండిని బట్టే వెయ్యాలి. ఆ తర్వాత బెర్నీనా, యూలియర్ దాటి ఆండర్‌మాట్, అక్కడ ఫుర్కా, గ్రిమ్‌సెల్, సుస్టెన్ మూడూ కలిపి దాదాపు 120 కిలోమీటర్ల చుట్టు. మాకు ఆండర్‌మాట్ వెళ్ళే రోజు కుండపోత వాన, ఒబరాల్ప్ పాస్ మీదుగా రోడ్డుతో పాటే రైలు కూడా వెళ్తుంది, మేం ముగ్గురం డిజెంటిస్‌లో ఎర్ర రైలెక్కేశాం, వాళ్ళు తేలికైన బళ్ళతో నెమ్మదిగా వచ్చారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

రూల్స్ కొన్ని తప్పక తెలియాలి. స్విట్జర్లాండ్ మోటార్‌వే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల విన్యెట్, అంటే టోల్ పాస్, ఉండాలి, బైకులకి కూడా. ఆస్ట్రియా మోటార్‌వేలకి వేరే విన్యెట్, రోజులకి దొరుకుతుంది. అద్దె బండికి ఉందో లేదో ముందే అడగండి. ఆస్ట్రియాలో బైక్ మీద కూడా ఫస్ట్ ఎయిడ్ కిట్ ఉండాల్సిందే. అక్కడే టిరోల్ రాష్ట్రం రాయిటె జిల్లాలో కొన్ని రోడ్ల మీద 2020 నుంచి వేసవి సీజన్లో శబ్దం 95 డెసిబెల్స్ దాటిన బైకులకి నిషేధం, ఆ అంకె బండి కాగితాల్లో ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో ఊళ్ళ బయట 80 దాటకండి, జరిమానాలు చాలా గట్టిగా ఉంటాయి. కొండ రోడ్డు మీద ఎదురెదురు పడితే దిగేవాళ్ళే ఆగి ఎక్కేవాళ్ళకి దారివ్వాలి. స్విట్జర్లాండ్‌లో పసుపుపచ్చ పోస్ట్‌బస్సు మూడు స్వరాల హారన్ కొడుతూ మలుపు తిరుగుతుంది, అది వినపడితే పక్కకి ఆగి దారివ్వండి, అక్కడి కొండ పోస్టు రోడ్లలో దాని డ్రైవరు చెప్పిందే లెక్క. ఎమర్జెన్సీకి అన్నిచోట్లా 112, స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ అంబులెన్స్‌కి 1414, ఈ రెండూ ఆరుగురి ఫోన్లలోనూ ఉండాలి, ఎవరి బ్లడ్ గ్రూపు ఏంటో, ఏ మందు పడదో ఒక చీటీ రాసి జాకెట్ జేబులో పెట్టుకోండి.

ఖర్చులకి రోజూ ఒకే జంట అందరిదీ కట్టేసి ఫోన్‌లో రాసుకుంటే బిల్లు దగ్గర లెక్కలు ఉండవు, వారానికోసారి సర్దుకోవచ్చు. రూములు మాత్రం ఆస్ట్రియా టిరోల్, ఇటలీ సౌత్ టిరోల్‌లో బైకర్ల కోసం ఉన్న హోటళ్ళే చూడండి, తడిసిన బట్టలు ఆరబెట్టే గది, బళ్ళకి గరాజ్ ఉంటాయి, రాత్రి భోజనం కూడా అక్కడే కాబట్టి రోజంతా కూర్చొచ్చాక మళ్ళీ బండెక్కే పని ఉండదు.

చివరి రోజు మ్యూనిక్‌కి సాయంత్రం కాకుండా మధ్యాహ్నానికే చేరేలా పెట్టుకోండి, ఊరి ట్రాఫిక్‌లో పెట్టెలతో ఇద్దరితో నడపడం కొండలకన్నా విసుగు. ట్యాంకు నింపి, రసీదు దాచి, పెట్టెల తాళాలు లెక్కపెట్టి, మొదటి రోజు తీసినట్టే మళ్ళీ చుట్టూ వీడియో తీసి, అప్పుడు తాళం చేతికివ్వండి.