సవానా, టైబీ బీచ్‌కి వేసవిలో వెళ్తున్నారా? హోటల్ కన్నా ముందు పోటు టైమ్ చూసుకోండి

స్కూళ్లకు సెలవులు ఇచ్చారంటే అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: ఎక్కువ ఖర్చు కాకుండా కారులో వెళ్లి రాగలిగే బీచ్ ఏదైనా ఉందా అని. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే, జార్జియా తీరంలోని సవానా, దాని పక్కన టైబీ ద్వీపం. ఆ జవాబులో తప్పేం లేదు. నాలుగు గంటల డ్రైవ్, నది ఒడ్డున 1733 నాటి పాత ఊరు, కారు ఒకచోట పెట్టేస్తే రోజంతా నడిచి చూసేయొచ్చు, ఇంకో 18 మైళ్లు వెళ్తే అట్లాంటిక్ సముద్రం. కానీ హోటల్లో ఇరవై డాలర్లు మిగుల్చుకోవడానికి రాత్రి రెండింటి దాకా వెబ్‌సైట్లు వెతికేవాళ్లు కూడా ఆ రోజు పోటు ఎన్నింటికో చూడకుండానే పిల్లల్ని నీళ్లలోకి దింపేస్తారు. అందుకే ఇక్కడ సముద్రం సంగతి ముందు చెప్తాను, డబ్బు సంగతి తర్వాత.

టైబీ సముద్రాన్ని వైజాగ్ సముద్రంలా అనుకోకండి. జార్జియా తీరం లోపలికి వంగి ఉండటంతో నీళ్లన్నీ ఇక్కడికి వచ్చి ఎత్తుకుంటాయి, పోటుకీ (నీళ్లు పెరగడం) పాటుకీ (నీళ్లు తగ్గడం) మధ్య మట్టం దాదాపు 7 అడుగులు మారుతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ ఇంకా ఎక్కువ. మన ఆర్కే బీచ్‌లో ఇంత తేడా చూసి ఉండరు. ఇదంతా ఆరు గంటల్లో జరిగిపోతుంది. పాటు టైమ్‌లో ద్వీపం దక్షిణం కొస దగ్గర, బ్యాక్ రివర్ వైపు, పెద్ద పెద్ద ఇసుక మేటలు బయటపడతాయి, మోకాలి లోతు నీళ్లు దాటితే చాలు వాటి మీదకి వెళ్లిపోవచ్చు, ఫొటోలు కూడా బ్రహ్మాండంగా వస్తాయి. ఇబ్బంది ఏంటంటే, పోటు మొదలయ్యాక నీళ్లు మీరు చూస్తున్న సముద్రం వైపు నుంచి మాత్రమే రావు, మీకూ ఒడ్డుకూ మధ్య ఉన్న పల్లం ముందు నిండుతుంది. మీరు వెనక్కి తిరిగి చూసేసరికి మోకాలి లోతు కాస్తా ఛాతీ లోతై, అందులో ప్రవాహం కూడా ఉంటుంది. ఈత వచ్చినవాళ్లకే అది కష్టం. కాబట్టి బయల్దేరే ముందు ఫోన్‌లో "టైబీ టైడ్ టేబుల్" అని కొట్టి ఆ రోజు పోటు, పాటు టైమ్‌లు రాసుకోండి, ఇసుక మేట మీదకి వెళ్లాల్సే వస్తే నీళ్లు ఇంకా తగ్గుతుండగానే వెళ్లి, పోటు మొదలవకముందే ఒడ్డుకు వచ్చేయండి. ఈత వద్దని బోర్డు ఉన్నచోట కాలు కూడా పెట్టొద్దు, ద్వీపం కొసల్లో నది నీళ్లు, సముద్రం నీళ్లు కలిసేచోట లోపలి ప్రవాహం పైకి కనపడదు.

రెండోది రిప్ కరెంట్, అంటే ఒడ్డుకు వచ్చిన నీళ్లు సన్నటి పాయగా సముద్రంలోకి తిరిగి వెళ్లేటప్పుడు మనిషిని కూడా లాక్కెళ్లడం. అది కిందకి ముంచదు, దూరంగా తీసుకెళ్తుంది, అంతే. మనుషులు చనిపోయేది భయంతో దానికి ఎదురీది అలసిపోవడం వల్ల. చిక్కుకుంటే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈదాలి, ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపుతూ కేకలెయ్యాలి. ఇంకొకరు చిక్కుకుంటే వెంటనే దూకేయకండి, మన దగ్గర జరిగే ఘోరాల్లో ఒకరి కోసం ఇంకొకరు దిగి ఇద్దరూ పోయినవే ఎక్కువ వింటుంటాం. ఫ్లోటీనో, కూలర్ మూతనో, తేలేది ఏదైనా విసిరి, 911కి ఫోన్ చేసి, లైఫ్‌గార్డ్‌ని పిలవండి. అందుకే లైఫ్‌గార్డ్ స్టాండ్ ఎదురుగానే మకాం పెట్టండి, పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గర గోలగా ఉంటుందని ఖాళీ చోటు వెతుక్కుంటూ దూరం పోకండి. లైఫ్‌గార్డులు సీజన్‌లోనే, పగటిపూటే ఉంటారు. జెండాలు చూడటం పిల్లలకి నేర్పండి: ఆకుపచ్చ అయితే ప్రశాంతం, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే దిగకపోవడమే మంచిది, రెండు ఎర్ర జెండాలుంటే నీళ్లలోకి ప్రవేశం లేదు, ఊదా రంగు జెండా అంటే జెల్లీఫిష్ లాంటివి తిరుగుతున్నాయని.

ఇంకో మాట, కాస్త కటువుగానే చెప్తాను. జీన్స్ వేసుకునీ, చున్నీ చుట్టుకునీ, చీర కుచ్చిళ్లు పైకి పట్టుకునీ నడుం లోతుకి వెళ్లకండి. తడిసిన బట్ట బరువుకి అల ఒకటి తగిలితే లేవడం కష్టం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి పాదాలు తడిసే లోతు చాలు, అది కూడా మీరు చెయ్యి పట్టుకునే ఉండాలి. పిల్లలకి కొనే హంస బొమ్మల ఫ్లోటీలు గాలి తీరం నుంచి సముద్రం వైపు వీస్తే క్షణాల్లో అందకుండా పోతాయి. కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్న లైఫ్ జాకెట్ ఒక్కసారి కొంటే రెండు మూడు సీజన్లు వస్తుంది, ఇంత ఖర్చులో ఇదొక్కటి పిసినారితనం చెయ్యకండి. నీళ్లలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి, అడుగున పడుకున్న స్టింగ్‌రే ఆ అలికిడికి తప్పుకుంటుంది.

వేసవి మధ్యాహ్నాల్లో ఉరుముల వాన ఇక్కడ మామూలే. ఉరుము వినపడిందంటే పిడుగు మిమ్మల్ని అందుకునే దూరంలో ఉన్నట్టే, బీచ్ గొడుగు కింద కూర్చోవడం రక్షణ కాదు, కారులోకో బిల్డింగ్‌లోకో వెళ్లి చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. ఎండ కూడా పొడిగా మండించదు, గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. పెద్దవాళ్లు బీపీ, షుగర్ మందులు వాడుతుంటే ఊరు నడిచే పని పొద్దున పది లోపు, సాయంత్రం ఆరు తర్వాత పెట్టుకోండి. మందులు కారులో వదలకండి, ఆ వేడికి ఇన్సులిన్ పాడైపోతుంది. విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఫొటో మీ ఫోన్‌లో ఉండాలి, అట్లాంటాలో ఇంట్లో బీరువాలో ఉంటే ఉపయోగం లేదు.

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఈ నెలల్లో రూమ్ బుక్ చేసేటప్పుడు చవకగా ఉందని డబ్బు వాపసు రానిది తీసుకోవద్దు, పది పదిహేను డాలర్లు ఎక్కువైనా కాన్సిల్ చేసుకోగలిగేదే అసలైన పొదుపు. తరలింపు ఆదేశం వస్తే సవానా నుంచి డబ్లిన్ ఊరి దాకా ఐ-16 హైవే లేన్లన్నీ పడమటికే నడిపిస్తారు, 2016లో మాథ్యూకి, 2017లో ఇర్మాకి, 2019లో డోరియన్‌కి అలాగే చేశారు. "మనం వెళ్లేసరికి తగ్గిపోతుందిలే" అనుకునే వ్యవహారం కాదు. తుఫాను లేకపోయినా టైబీకి వెళ్లే దారి ఒక్కటే, యూఎస్ 80, రెండు వైపులా ఉప్పు చిత్తడి నేలలు, పెద్ద పోటు వచ్చిన రోజు రోడ్డు మీదకే నీళ్లొస్తాయి, ముఖ్యంగా సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్య. దారిలో ఫోర్ట్ పులాస్కీ దగ్గర పోటు మట్టం కొలుస్తారు, అంచనాలో 9.5 అడుగులు దాటుతుందని ఉంటే ఆ రెండు మూడు గంటలు ఆ రోడ్డు మీద ఉండకుండా చూసుకోండి. ఉప్పు నీళ్లలోంచి కారు నడపడం అసలొద్దు, బ్రేకులకీ వైరింగ్‌కీ ఆ ఖర్చు తర్వాత తెలుస్తుంది.

పురుగుల సంగతి చిన్నదే కానీ ట్రిప్ మొత్తం పాడుచేస్తుంది. వసంతంలోనూ శరత్తులోనూ శాండ్ నాట్ అనే కనపడని ఈగలు పొద్దున, సాయంత్రం కరుస్తాయి, ఎంత ఫేమస్ అంటే ఈ ఊరి బేస్‌బాల్ జట్టుకి చాలా ఏళ్లు వాటి పేరే ఉండేది. గాలి వీచే చోట ఉండవు, లోపల చెట్ల కింద ఉంటాయి, పొడవు చేతుల పల్చటి బట్టలు వేసుకోండి. ఓక్ చెట్లకి గడ్డాల్లా వేలాడే స్పానిష్ మాస్‌ని నేల మీద నుంచి తీసి మొహానికి పెట్టుకుని ఫొటో దిగడం పిల్లలకి సరదా, కింద పడినదాంట్లో చిగ్గర్స్ అనే పురుగులు ఉండొచ్చు, వద్దని చెప్పండి.

ఇక డబ్బు. డౌన్‌టౌన్ హోటళ్లు శని, ఆదివారాల్లో మండిపోతుంటాయి, మార్చి 17 సెయింట్ పాట్రిక్స్ డే వారం అయితే ఆ వైపే చూడకండి. ఐ-95 పక్కన ఉన్న పూలర్‌లో దిగితే సగానికి సగం తగ్గే రోజులు చాలా ఉంటాయి, అరగంట లోపు డ్రైవ్. అయితే వెబ్‌సైట్‌లో చూపించే రేటు అసలు రేటు కాదు: జార్జియాలో హోటల్ రూమ్‌కి రాత్రికి 5 డాలర్లు రాష్ట్ర రుసుము వేరు, పన్నులు వేరు. డౌన్‌టౌన్ హోటల్ తీసుకుంటే రాత్రి పార్కింగ్‌కి ఎంతో ముందే ఫోన్ చేసి అడగండి, చవక రూమ్ అనుకున్నది అక్కడే ఖరీదైపోతుంది.

ఊళ్లోకి వచ్చాక ఎల్లిస్ స్క్వేర్ కింద ఉన్న విటకర్ స్ట్రీట్ గ్యారేజ్ లాంటి చోట కారు పెట్టేసి మర్చిపోండి. గంట గంటకీ మీటర్ మార్చుకుంటూ తిరిగితే ఫైన్ పడటమే మిగులుతుంది. ఎల్లిస్ స్క్వేర్‌లో బాత్రూములు ఉన్నాయి, పిల్లలు తడిసి ఆడుకునే ఫౌంటెన్ ఉంది. అక్కడి నుంచి మిగిలిన 21 స్క్వేర్లలో (చెట్లున్న చిన్న పార్కులు) కొన్నింటి మీదుగా నడుచుకుంటూ ఫోర్సైత్ పార్క్ దాకా నీడలోనే వెళ్లొచ్చు, 1858 నాటి ఫౌంటెన్ దగ్గర కూర్చోవచ్చు, పైసా ఖర్చు లేదు. కాళ్లు నొప్పెడితే డాట్ షటిల్ బస్సు ఉచితం, నది దాటించే బెల్స్ ఫెర్రీ ఉచితం, ఆ ఫెర్రీలోంచి కంటెయినర్ షిప్పులు పక్కనుంచి వెళ్తుంటే చూడటం డబ్బిచ్చి ఎక్కే క్రూజ్‌కి ఏమీ తీసిపోదని నా అభిప్రాయం.

రివర్ స్ట్రీట్‌కి దిగే మెట్లు మాత్రం జాగ్రత్త. పాతకాలం రాతి మెట్లు, నిటారుగా, ఎత్తు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది, "మీ బాధ్యత మీదే" అని బోర్డే పెట్టారు. కిందంతా ఓడల్లో బరువు కోసం తెచ్చిన రాళ్లు పరిచిన రోడ్డు. హీల్స్, చెప్పులు, చిన్న చక్రాల స్ట్రోలర్ పనికిరావు, వాన పడితే మరీ జారుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని బే స్ట్రీట్ మీద సిటీ హాల్ పక్కన ఉన్న లిఫ్ట్‌లో దింపండి. కారులో లాప్‌టాప్ బ్యాగు, పాస్‌పోర్టులు కనపడేలా వదలకండి, ట్రంక్‌లో పెట్టేదైనా గ్యారేజ్‌కి వచ్చాక కాదు, హోటల్ దగ్గరే పెట్టేయండి.

టైబీలో పార్కింగ్ రోజూ పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా డబ్బులే, ఆదివారం మినహాయింపు లేదు. శనివారం పదకొండింటికి చేరితే గంటసేపు చోటు కోసం తిరుగుతారు, చివరికి విసుగొచ్చి ఎవరి ఇంటి ముందో గడ్డి మీద పెడతారు, అక్కడ పడే టికెట్‌తో రెండు పూటలు హోటల్లో భోజనం చేయొచ్చు. వీలైతే శుక్రవారం, తొమ్మిది లోపు చేరండి. ఇసుక దిబ్బల మీద గడ్డి తొక్కొద్దు, కుక్కని తీసుకురావద్దు, గాజు సీసాలు వద్దు, అన్నింటికీ ఫైన్లున్నాయి. మే నుంచి అక్టోబర్ దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, పిల్లలు తవ్విన గుంటలు పూడ్చేసి రండి, రాత్రి ఫ్లాష్‌లైట్లు వెయ్యకండి. దారిలో ఫోర్ట్ పులాస్కీకి టికెట్ ఉంటుంది కానీ 15 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకి లేదు, నేషనల్ పార్క్ పాస్ ఉంటే చెల్లుతుంది. బోనావెంచర్ శ్మశానం ఉచితం, సాయంత్రం 5కి మూసేస్తారు.

శాకాహారులు ఒకటి గమనించండి. మెనూలో ఆకుకూర, బీన్స్ అని ఉన్నా అవి పంది మాంసం ముక్కతో కలిపి ఉడికించినవి కావొచ్చు, సదరన్ (అమెరికా దక్షిణాది) వంటలో అది మామూలు పద్ధతి. కాలర్డ్ గ్రీన్స్, లైమా బీన్స్ ఆర్డర్ చేసే ముందు "పంది మాంసం, చికెన్ స్టాక్ ఏమీ వెయ్యలేదు కదా" అని స్పష్టంగా అడగండి, వెజిటేరియనా అని అడిగితే చాలామంది అవుననేస్తారు. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ జావ, దానికి రొయ్యలు వెయ్యకుండా ఇమ్మంటే ఇస్తారు. అన్నిటికన్నా చవకైనది మాత్రం కూలర్‌లో పెట్టుకెళ్లిన పులిహోర. పెరుగన్నం ఆ ఎండకి నమ్మకండి, ఐస్ నిండా ఉంటేనే.

డ్రైవ్ విషయానికొస్తే మేకన్ దాటాక ఐ-16 తిన్నగా, ఖాళీగా, నిద్ర తెప్పించేలా ఉంటుంది. గ్యాస్ మేకన్‌లోనే నింపుకోండి. రాత్రిళ్లు జింకలు అడ్డొస్తాయి. రోడ్డు ఖాళీగా ఉంది కదా అని కాలు నొక్కితే, జార్జియాలో 85 మైళ్ల వేగానికి చేరినా, రెండు లేన్ల రోడ్డు మీద 75కి చేరినా సూపర్ స్పీడర్ చట్టం కింద మామూలు టికెట్ పైన ఇంకో 200 డాలర్లు కట్టాలి, కట్టకపోతే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. ఫోన్ చేత్తో పట్టుకోవడం కూడా 2018 నుంచి నేరమే, దారి చూపించే పని పక్క సీట్లో ఉన్నవాళ్లకి అప్పగించండి. ఆదివారం రాత్రి పదకొండింటికి బీచ్ నుంచి బయల్దేరి సోమవారం ఆఫీసుకి వెళ్లిపోదాం అనే ప్లాన్ ఉంటే మార్చుకోండి, ఎండలో రోజంతా తిరిగినవాళ్లు నాలుగు గంటలు చీకట్లో నడపలేరు. మధ్యాహ్నం భోజనం అయ్యాక బయల్దేరితే డబ్లిన్ దగ్గర ఒక కాఫీకి ఆగి, చీకటి పడేలోపు ఇంట్లో ఉంటారు.