అస్థిపంజరానికి ప్రేతకళ: 4వ పాఠం – రంగు

హాలోవీన్‌కి ప్లాస్టిక్ అస్థిపంజరం బొమ్మను ఎండిన శవంలా మార్చడమే ఈ పాఠాల పని. కిందటి పాఠం తర్వాత వచ్చిన ఫిర్యాదు దాదాపు ఒకటే. బొమ్మకు షీట్ చుట్టి హీట్ గన్‌తో (వేడి గాలి ఊదే పనిముట్టు) ముడతలు తెప్పించేదాకా బాగానే వచ్చింది, రంగు మాత్రం నిలవడం లేదు. ఫొటోలు చూశాను. వాడింది క్రాఫ్ట్ అక్రిలిక్. మనం చుట్టిన పెయింటర్స్ షీట్ (గోడలకు రంగు వేసేటప్పుడు సామాను మీద కప్పే పల్చటి ప్లాస్టిక్) పాలిథిన్. దాని మీద నీళ్ల రంగు తామరాకు మీద నీటిబొట్టే. ఆరినట్టు కనిపించినా గోరు తగిలితే పొరలుగా లేచిపోతుంది. కాబట్టి ముందు మరమ్మతు.

ఆ అక్రిలిక్‌ని గోరువెచ్చని నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తీసేయండి. మడతల్లో ఇరుక్కున్నది వదిలేయండి, తర్వాత పైన పూసే ముదురు రంగు పడితే కనపడదు. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, చేతి జిడ్డు పోగొట్టండి. షీట్‌కు పెద్ద బొక్కలు పడ్డవాళ్లు కంగారుపడొద్దు. చర్మం చిరిగి ఎముక బయటపడ్డట్టు ఉంటుంది. పక్కటెముకల దగ్గర నేనైతే కావాలనే చింపుతాను.

ఇప్పుడు రంగు. చెక్క సామానుకు పూసే ఆయిల్ బేస్డ్ జెల్ స్టెయిన్ తీసుకోండి, ముదురు వాల్‌నట్ షేడ్. క్వార్టు (దాదాపు లీటరు) డబ్బా ఒకటి ఐదడుగుల బొమ్మకు సరిపోయి ఇంకా మిగులుతుంది. చవక బ్రష్‌తో ధారాళంగా పూసి, కొద్ది నిమిషాలాగి, పాత బనియన్ గుడ్డతో తుడిచేయండి. ఎత్తుగా ఉన్నచోట రంగు పోతుంది, ముడతల్లో నిలుస్తుంది. శవానికి వయసు తెచ్చేది పూయడం కాదు, ఈ తుడవడమే. పళ్లు మాత్రం విడిగా, ఒక్కొక్కటిగా తుడవండి. చిగుళ్ల గీతలో ముదురు రంగు మిగిలి, పంటి కొస పసుపుగా తేలితే చాలు.

నలుపు వాడొద్దు. ఎంత చెప్పినా చాలామంది చివర్లో నల్ల స్ప్రే కొట్టేస్తున్నారు, అందుకే ఇంత చెబుతున్నాను. ఎండిన శరీరం గోధుమ రంగులో ఉంటుంది. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మమ్మీ వయసు 5,000 ఏళ్ల పైమాటే, చర్మం గోధుమ రంగే. మెక్సికోలోని గ్వానాహ్వాటో మమ్మీలు పసుపు కలిసిన గోధుమ. సిసిలీలోని పలెర్మోలో కాపుచిన్ క్రైస్తవ సన్యాసుల నేలమాళిగ శవాలదీ అదే వరస. 1950లో డెన్మార్క్‌లో దొరికిన పురాతన శవం, టోలుండ్ మనిషి, నల్లగా ఉన్నాడు కదా అంటారేమో. పీట్ (కుళ్లిన నాచు, మొక్కల) బురద వల్ల ఆ చర్మం అంతగా ముదిరింది, వెలుతురులో చూస్తే అదీ గోధుమే.

పైగా అక్టోబర్ 31న ఎవరైనా మీ బొమ్మను చూసేది రాత్రిపూట. వరండా లైటు కింద నల్లటి మడతలు చీకట్లో కలిసిపోతాయి, తెల్లగా మిగిలిన భాగాలు విడివిడి ముక్కలుగా కనిపిస్తాయి. గోధుమ రంగైతే కంటి గుంట లోతు, దవడ కింద నీడ రెండూ నిలుస్తాయి. రంగు చాలలేదనిపిస్తే అదే స్టెయిన్ ఇంకో పూత వేయండి.

స్టెయిన్ పూర్తిగా ఆరాకే డ్రై బ్రష్, అంటే దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో పైపైన రంగు అద్దడం. న్యూజెర్సీలాంటి చోట అక్టోబర్ రాత్రుల చలికి బయట పెడితే రోజులు గడిచినా జిగట వదలదు. గరాజ్‌లోకి తెచ్చి, కిటికీ తీసి పెట్టండి. తర్వాత దంతం రంగు అక్రిలిక్‌ని బ్రష్‌కి తగిలించి, కాగితం మీద దాదాపుగా తుడిచేసి, కనుబొమ ఎముక, చెంపలు, వేలి కణుపుల మీద తేలిగ్గా ఆడించండి. ఆరిన స్టెయిన్ మీద అక్రిలిక్ పట్టుకుంటుంది, చివర మ్యాట్ క్లియర్ (మెరుపు లేని, రంగు లేని) స్ప్రే కొడితే ఇక రాలదు.

తుడిచిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. స్టెయిన్‌లోని నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోక గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. ఇళ్లు తగలబడిన సందర్భాలున్నాయి. బయట సిమెంటు మీద ఒక్కొక్కటి విడిగా పరిచి, గట్టిపడేదాకా ఉంచండి. లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.

అభ్యాసం: మొత్తం బొమ్మ జోలికి పోకముందు మూడు అస్థిపంజరం చేతులకు విడిగా షీట్ చుట్టి కరిగించండి. ఒకదానికి స్టెయిన్ పూసి వెంటనే తుడవండి, రెండోదాన్ని పది నిమిషాలాగి, మూడోదానికి రెండు పూతలు. ఆరాక చీకటి పడ్డాక వరండా లైటు కింద వేలాడదీసి, పదిహేను అడుగుల దూరం నుంచి చూడండి. వేళ్లు ఏ చేతికి విడివిడిగా కనిపిస్తున్నాయో ఆ పద్ధతినే ఒంటికంతా వాడండి.