ఉగాండా పల్లె ఆస్పత్రికి ఇంటిల్లిపాదీ బయల్దేరే ముందు

నైరుతి ఉగాండాలో, కొండ గొరిల్లాలుండే అడవి అంచున బువిండి కమ్యూనిటీ హాస్పిటల్ ఉంది. అడవిలోంచి ఖాళీ చేయించిన బట్వా జనం కోసం 2003లో చిన్నగా మొదలైన వైద్యం అది. అలాంటి చోట పనిచేసే అన్నయ్యనో వదిననో చూడ్డానికి పిల్లలతో వెళ్లేవాళ్లు ముందుగా అడిగేది సింహాల గురించి. నన్నడిగితే దోమ, రోడ్డు, చెరువు నీళ్లు, ఈ మూడింటి గురించి అడగాలి.

ముందు ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీసులో వేస్తారు. వేయించుకున్న 10 రోజులకు గానీ టీకా కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. 9 నెలల లోపు పసివాళ్లకు ఈ టీకా వేయరు. 60 దాటిన నాయనమ్మ కూడా వస్తానంటే డాక్టర్నడిగి నిర్ణయించుకోండి.

మలేరియా సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అక్కడ ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం. మన ఏజెన్సీ ఊళ్లవాళ్లకు దాని సంగతి బాగా తెలుసు, ఆలస్యమైతే మెదడుకు ఎక్కేస్తుంది. పాత మలేరియా మాత్ర క్లోరోక్విన్‌ను నమ్ముకోకూడదు. డాక్టరు అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ రాస్తే ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 7 రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు. అది గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. ఇల్లు చేరాం కదా అని మాత్రలు మానేసేవాళ్లే ఎక్కువ. మందు పట్టించిన దోమతెర కింద పడుకోవడం, పొద్దుగూకేసరికి నిండు చేతుల చొక్కా వేయడం మాత్రలు మింగుతున్నా తప్పవు.

రాత్రి ప్రయాణం పెట్టుకోవద్దు. రాజధాని కంపాలా నుంచి అడవి దాకా పగలంతా పడుతుంది. బోడా-బోడా అనే బైకు టాక్సీ చవకే గానీ, పిల్లల్ని ఎక్కించే బండి కాదది.

ఊళ్లో చెప్పులు విడవద్దు. గడప దగ్గర చెప్పులు వదిలే మన అలవాటు అక్కడ ఇబ్బందే: మట్టినేల మీద ఉండే జిగ్గర్ అనే సన్నటి పురుగు కాలివేళ్లలో దూరి గుడ్లు పెడుతుంది. బయట ఆరేసిన బట్టల మీద మామిడి ఈగ గుడ్లు పెడితే పిల్లపురుగులు చర్మంలోకి దిగుతాయి, కాబట్టి లోదుస్తులతో సహా అన్నీ ఇస్త్రీ చేయాల్సిందే. విక్టోరియా సరస్సు ఒడ్డున పాదాలు తడుపుకున్నా బిల్హార్జియా అనే పురుగుల జబ్బు పట్టుకోవచ్చు.

ఆస్పత్రి చూసే వింత కాదు. రోగి పక్కన ఉండే చుట్టాలే బయట వండి పెడుతుంటారు, బట్టలు ఉతుకుతుంటారు. అడక్కుండా వాళ్లను ఫొటో తీయొద్దు. పిల్లల్ని వార్డుల్లోకి తీసుకెళ్లకండి, క్షయ ఉంటుంది, తట్టు ఉంటుంది. మీకే జలుబుంటే మీరూ ఆగిపోండి. బిస్కెట్లు, చాక్లెట్లు పంచి ఊరి పిల్లలకు చెయ్యి చాచడం నేర్పొద్దు. ఇవ్వాలనుకున్నది ఆస్పత్రి ఆఫీసులో అడిగి ఇవ్వండి. పలకరింపుగా "అగాండి" అంటే చాలు, మొహాలు విప్పారతాయి. శాకాహారులకు దిగుల్లేదు: ఉడికించిన అరటికాయ మటోకే, చిక్కుడు గింజలు, వేరుశనగ పులుసు దొరుకుతాయి.

తిరిగొచ్చాక ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా "ఉగాండా వెళ్లొచ్చాం" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పి, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించండి. అందులో ఏమీ కనబడకపోయినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయమని అడగండి.