ఊరు లేని స్టేషన్‌కు టిక్కెట్టు: బ్రిటన్‌లోని మారుమూల రైల్వే స్టేషన్లను చూసి రావడం ఎలా?

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే బండి గిద్దలూరు దాటాక నల్లమలలోకి ప్రవేశిస్తుంది. దిగువమెట్ట, చెలమ స్టేషన్లలో బండి ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తే రైల్వే సిబ్బంది, కోతులు, చెట్లు తప్ప వేరే అలికిడి ఉండదు. ఆ ప్లాట్‌ఫాం మీద ఒక్కసారైనా దిగి, బండిని వెళ్లనిచ్చి, తరువాతి బండి వచ్చేదాకా ఊరికే కూర్చోవాలని చిన్నప్పటి నుంచి కోరికగా ఉండేది నాకు. ఆ కోరిక బ్రిటన్‌లో తీరింది. మా అబ్బాయి గ్లాస్గోలో చదువుకుంటున్న రోజుల్లో నేను రెండు సార్లు అక్కడికి వెళ్లి, ఊరు గానీ రోడ్డు గానీ లేని కొన్ని స్టేషన్లను చూసి వచ్చాను. గుంటూరు, విజయవాడల నుంచి పిల్లలను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులు, అక్కడే చదువుకుంటున్న పిల్లలు ఈ ప్రయాణాన్ని ఇబ్బంది పడకుండా చేసి రావడానికి వీలుగా నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక భేదం తెలుసుకోవాలి. తక్కువ మంది ఎక్కే స్టేషన్ వేరు, మారుమూల స్టేషన్ వేరు. బ్రిటన్‌లో 2,500కు పైగా స్టేషన్లు ఉన్నాయి. ఆఫీస్ ఆఫ్ రైల్ అండ్ రోడ్ అనే ప్రభుత్వ సంస్థ ఏటా ఒక్కొక్క స్టేషన్‌ను ఎంతమంది వాడారో అంచనా వేసి ప్రకటిస్తుంది. 2023-24 సంవత్సరానికి ఆ జాబితాలో అట్టడుగున నిలిచిన డెంటన్ స్టేషన్‌లో ఏడాది మొత్తం మీద ఎక్కినవారు, దిగినవారు కలిపి 54 మందే. అయితే డెంటన్ ఉన్నది అడవిలో కాదు, మాంచెస్టర్ మహానగర ప్రాంతంలో, మోటార్‌వే పక్కన. వారానికి ఒక్క శనివారం ఉదయం మాత్రమే, అటొకటి ఇటొకటి బండి వస్తుంది కాబట్టి జనం లేరు. ఒక స్టేషన్‌నో మార్గాన్నో పూర్తిగా మూసివేయాలంటే చట్టప్రకారం పెద్ద తతంగం ఉంటుంది, అందుకని నామమాత్రంగా ఒక బండి నడుపుతారు. ఇలాంటి వాటిని అక్కడ పార్లమెంటరీ రైళ్లంటారు. దీనికి పూర్తి విరుద్ధంగా, స్కాట్లాండ్‌లో చుట్టుపక్కల పబ్లిక్ రోడ్డే లేని కొరావర్ స్టేషన్‌ను ఏటా వేల మంది వాడుతున్నారు. జాబితాలో అంకె చూసి స్టేషన్‌ను ఎంచుకుంటే మీకు దక్కేది ఏకాంతం కాకపోవచ్చు. మ్యాపు చూసి, స్టేషన్ నుంచి దగ్గరి రోడ్డుకు ఎంత దూరమో కొలిచి ఎంచుకోండి.

ఎంచుకున్నాక ప్రయాణాన్ని తిరుగు బండి నుంచి మొదలుపెట్టి వెనక్కి లెక్కించాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోదలిస్తే దీన్నే గుర్తుంచుకోండి. మన దగ్గర ఒక బండి తప్పితే బస్సో, షేర్ ఆటోనో, తెలిసినవాళ్ల బండో ఏదో ఒకటి దొరుకుతుంది. అక్కడ బండి తప్పితే తరువాతి బండి తప్ప వేరే మార్గం ఉండదు, అది ఒక్కొక్కచోట మర్నాటిదే కావచ్చు. గ్లాస్గో నుంచి కొరావర్ మీదుగా వెళ్లే వెస్ట్ హైలాండ్ లైన్‌లో పగటి బండ్లు సాధారణంగా రోజుకు మూడు నాలుగు. ఇన్వర్నెస్ నుంచి ఉత్తరానికి వెళ్లే ఫార్ నార్త్ లైన్‌లో సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు నాలుగే, ఆదివారం ఒకటే. అందువల్ల ముందుగా ఆ రోజు చివరి బండి ఏదో చూసి, దానికి ముందరి బండిని మీ తిరుగు బండిగా పెట్టుకుని, చివరి బండిని ఆపదకు అట్టిపెట్టుకోండి. ఆదివారం వెళ్లకండి. బయలుదేరే ముందు రోజు రాత్రి నేషనల్ రైల్ వెబ్‌సైట్‌లో టైంటేబుల్‌ను మళ్లీ చూడండి. డిసెంబరులో ఉత్తర స్కాట్లాండ్‌లో పగలు ఆరేడు గంటలే ఉంటుంది, జూన్‌లో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది, కాబట్టి మొదటిసారి వెళ్లేవారికి మే, జూన్ నెలలు మంచివి.

మొదటి ప్రయాణానికి నేను చెప్పేది కొరావరే. ఇది సముద్రమట్టానికి 408 మీటర్ల ఎత్తున ఉంది, బ్రిటన్ ప్రధాన రైలు మార్గాల్లో ఇంతకన్నా ఎత్తైన స్టేషన్ లేదు. అతి దగ్గరి పబ్లిక్ రోడ్డు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో ఉంది. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఫోర్ట్ విలియం వైపు వెళ్లే బండి ఎక్కితే మూడు గంటలకు పైగా పడుతుంది. ఎక్కేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఈ బండ్లలో చాలావాటిని క్రియన్‌లారిక్ అనే చోట రెండుగా విడదీస్తారు. సగం పెట్టెలు ఓబన్ వైపు, మిగిలిన సగం ఫోర్ట్ విలియం, మలేగ్ వైపు వెళతాయి. మన పాత లింకు బండ్ల పద్ధతే. మీ పెట్టె ఎటు వెళుతుందో కూర్చునే ముందే అడిగి తెలుసుకోండి. లండన్‌లో ఉన్నవారికి యూస్టన్ నుంచి కలెడోనియన్ స్లీపర్ ఉంది. అది శనివారం రాత్రి తప్ప మిగతా రాత్రులు బయలుదేరి, తెల్లవారి తొమ్మిది గంటల ప్రాంతంలో కొరావర్ చేరుతుంది. అందులో బెర్తు కాకుండా సీటు టిక్కెట్టు తీసుకున్నవారు తెల్లవారుజామున ఎడిన్‌బరోలో పెట్టె మారవలసి ఉంటుంది, నిద్రమత్తులో ఆ సంగతి మరవకూడదు.

బండి రానక్ స్టేషన్ దాటగానే కిటికీ వదలకండి. ఆ మైదానమంతా వేల ఏళ్లుగా నాచు కుళ్లి పేరుకున్న పీట్ అనే మెత్తటి ఊబి నేల. 1890లలో లైను వేసేటప్పుడు ఎంత మట్టి పోసినా అందులోకి దిగిపోతూ ఉంటే, కంపలూ చెట్ల వేళ్లూ పరిచి, వాటి మీద మట్టి, బూడిద టన్నులకొద్దీ పోసి, ఆ పరుపు మీద పట్టాలు వేశారు. డబ్బు అయిపోయి పని ఆగే పరిస్థితి వచ్చినప్పుడు రెంటన్ అనే డైరెక్టరు సొంత డబ్బు పెట్టి పని ముందుకు సాగనిచ్చాడు. కూలీలు ఒక బండరాతి మీద ఆయన ముఖాన్ని చెక్కారు, రానక్ ప్లాట్‌ఫాం చివర ఆ రాయి ఇప్పటికీ ఉంది. లైను తెరిచిన దాతలు, అధికారులు చెక్కించుకున్న శిలాఫలకాలు ఎన్నో చూశాను కానీ, కూలీలు తమంతట తాము చెక్కిన ఈ రాయి ముందు నిలబడినంతసేపు మరి దేని ముందూ నిలబడలేదు. రానక్, కొరావర్ స్టేషన్ల మధ్య కొండను తొలిచిన చోట పట్టాల మీద మంచు పేరుకోకుండా కట్టిన పొడవాటి షెడ్డు లోంచి బండి వెళుతుంది, దాన్ని కూడా చూడండి.

కొరావర్‌లో మాతో పాటు నలుగురు దిగారు. గార్డు తలుపులు మూసి, బండి కదిలి, వెనుక పెట్టె ఎర్ర దీపం చాలాసేపు కనబడుతూనే ఉంది, ఎందుకంటే దాన్ని దాచడానికి అక్కడ చెట్టు గానీ ఇల్లు గానీ లేదు. పట్టాల్లోని సన్నని రొద కూడా ఆగిపోయాక గాలి చప్పుడు ఒక్కటే మిగిలింది. తడి నేల వాసన, తేనె రంగులో పారే కాలువ నీళ్లు, దూరంగా తలెత్తి మమ్మల్నే చూస్తున్న జింకల గుంపు. 1894లో స్టేషన్ తెరిచింది ఊరి కోసం కాదు, అక్కడి ఎస్టేట్‌కు వేటకు వచ్చే అతిథుల కోసం. వాళ్లు స్టేషన్ నుంచి గుర్రపు బండిలో లాక్ ఓషన్ సరస్సు దాకా, అక్కడి నుంచి చిన్న ఆవిరి పడవలో బంగళాకు వెళ్లేవారు. ఇప్పుడు మనం నడవాలి. సరస్సు ఒక మైలు దూరం, దాని ఒడ్డున యూత్ హాస్టల్ ఉంది. సరస్సు చుట్టూ తిరిగి స్టేషన్‌కు చేరడానికి సుమారు 15 కిలోమీటర్లు, నాలుగైదు గంటల పని, మోకాళ్లు సహకరించనివారు హాస్టల్ దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. స్టేషన్‌లో ఒక భోజనశాల ఉంది కానీ ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, దాన్ని నమ్ముకుని ఖాళీ చేతులతో వెళ్లకండి. మేము డబ్బాలో తెచ్చుకున్న పులిహోర ప్లాట్‌ఫాం బల్ల మీద కూర్చుని తిన్నాము.

కొన్ని స్టేషన్లలో బండి తనంతట తాను ఆగదు. మన హాల్టుల్లో జనం లేకపోయినా టైంటేబుల్ ప్రకారం బండి ఆగుతుంది. అక్కడి రిక్వెస్ట్ స్టాప్ అలా కాదు, పల్లెవెలుగు బస్సును రోడ్డు మీద ఆపినట్టే రైలును ఆపాలి. టైంటేబుల్‌లో ఆ స్టేషన్ సమయం పక్కన ఎక్స్ గుర్తు ఉంటుంది. దిగవలసినవారు బండి ఎక్కగానే గార్డుకు స్టేషన్ పేరు చెప్పాలి, పలకడం కష్టమైతే టిక్కెట్టు చూపించినా చాలు. ప్లాట్‌ఫాం పొట్టిగా ఉండే చోట్ల అన్ని తలుపులూ తెరవరు కాబట్టి ఏ తలుపు దగ్గర నిలబడాలో అప్పుడే అడగండి. ఎక్కవలసినవారు డ్రైవరుకు దూరం నుంచే కనబడేలా నిలబడి చెయ్యి బాగా పైకి ఎత్తాలి. ఫార్ నార్త్ లైన్‌లో కొన్నిచోట్ల బటన్ నొక్కే యంత్రాలు పెట్టారు, అక్కడ ముందుగా బటన్ నొక్కితే ఆ కబురు రేడియో ద్వారా డ్రైవరుకు చేరుతుంది. ఏ స్టేషన్‌లో ఏ పద్ధతో అక్కడి బోర్డు మీద రాసి ఉంటుంది, దిగిన వెంటనే చదివి పెట్టుకోండి.

ఇది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ ఉత్తరపు లైన్లో ఒక చిన్న స్టేషన్‌లో వాన జోరుగా పడుతుంటే నేనూ మా అబ్బాయీ షెడ్డు లోపల నిలబడ్డాము. బండి కనబడగానే బయటికి వచ్చి చెయ్యి ఎత్తేసరికి ఆలస్యమైంది, బండి మా ముందు నుంచే వెళ్లిపోయింది. తప్పు పూర్తిగా మాదే. తడిసిన బట్టలతో నాలుగు గంటలు ఆ షెడ్డులో కూర్చున్నాము. అబ్బాయి ఏమీ అనకుండా తన పొడి మేజోళ్లు తీసి నాకిచ్చాడు. అప్పటి నుంచి బండి వేళకు పది నిమిషాల ముందే, వానైనా మంచైనా, ప్లాట్‌ఫాం మీద బయటే నిలబడుతున్నాము.

ఇంగ్లండ్‌లో ఉండేవారికి నార్ఫోక్‌లోని బర్నీ ఆర్మ్స్ దగ్గర. నారిచ్, గ్రేట్ యార్మత్ మధ్య బల్లపరుపు చిత్తడి పచ్చికబయళ్లలో ఉన్న ఈ స్టేషన్‌కు రోడ్డు లేదు. 1840లలో లైను కోసం భూమి అమ్మిన థామస్ ట్రెంచ్ బర్నీ అనే భూస్వామి ఇక్కడ స్టేషన్ ఉండాలనే షరతు పెట్టాడు. 2019-20లో ఇక్కడ ఎక్కి దిగినవారు 42 మంది మాత్రమే. అయితే ఆ అంకెను చూసి అపోహ పడకూడదు, సిగ్నళ్ల పనుల కోసం ఈ లైను ఆ సంవత్సరంలో ఫిబ్రవరి దాకా మూసి ఉంది. ఇక్కడ ఆగే బండ్లు చాలా తక్కువ, కాబట్టి రానూపోనూ రైలు మీదే ఆధారపడకుండా, ఉదయం బండి దిగి, నదీతీరంలోని ఏడంతస్తుల పాత గాలిమరను చూసి, బ్రేడన్ వాటర్ గట్టు వెంబడి సుమారు 8 కిలోమీటర్లు నడిచి గ్రేట్ యార్మత్‌లో బండి ఎక్కడం ఉత్తమం. కృష్ణ కరకట్ట మీద నడక అలవాటున్నవారికి ఆ గట్టు వెంటనే పరిచయమైనట్టు ఉంటుంది. గాలి మాత్రం మన గాలి కాదు, చెవులు కప్పుకోండి.

ఆల్ట్‌నబ్రెక్‌ను చివరికి పెట్టుకోండి. ఫార్ నార్త్ లైన్‌లో 1874లో తెరిచిన ఈ స్టేషన్‌ను అక్కడ ఎందుకు కట్టారో చెప్పడానికి చుట్టుపక్కల ఊరంటూ ఏదీ లేదు. గేలిక్ భాషలో ఆ పేరుకు ట్రౌట్ చేపల వాగు అని అర్థం. చుట్టూ ఉన్నది ఫ్లో కంట్రీ అనే అపారమైన పీట్ నేల. 2024 జులైలో న్యూఢిల్లీలో జరిగిన యునెస్కో కమిటీ సమావేశంలోనే దానికి ప్రపంచ వారసత్వ హోదా లభించింది. స్టేషన్‌కు చేరే దారి మీద వచ్చిన వివాదం వల్ల 2023 నవంబరు నుంచి 2025 ఏప్రిల్ దాకా ఇక్కడ బండ్లు ఆగలేదు. ముందు రోజు టైంటేబుల్ మళ్లీ చూసుకోమని చెప్పింది ఇందుకే. ఇక్కడ తినడానికి ఏమీ దొరకదు. ఆ నేలను నిదానంగా చూడాలనుకునేవారు ఇదే లైన్లోని ఫోర్సినార్డ్‌లో ముందు దిగండి. అక్కడి స్టేషన్ భవనంలోనే పక్షుల సంరక్షణ సంస్థ సందర్శకుల కేంద్రాన్ని నడుపుతోంది.

వేల్స్‌లో డవీ జంక్షన్ ఉంది. రెండు లైన్లు విడిపోయే ఈ స్టేషన్‌కు కాలిబాట తప్ప రోడ్డు లేదు, బండ్లు మాత్రం తరచుగానే వస్తాయి. ఐల్ ఆఫ్ వైట్ దీవిలో 1991లో తెరిచిన స్మాల్‌బ్రూక్ జంక్షన్‌కు కాలిబాట కూడా లేదు, అది ఆవిరి ఇంజన్ల బండిలోకి మారడానికి మాత్రమే ఉన్నది, ఆ బండ్లు నడిచే రోజుల్లోనే పనిచేస్తుంది.

సామాను విషయంలో పొదుపు వద్దు. నీరు చొరని బూట్లు, పిక్కల దాకా వచ్చే మేజోళ్లు, గాలికి తిరగబడే గొడుగుకు బదులు వాన కోటు, కావలసిన దానికన్నా ఒక పూట ఎక్కువ తిండి, టార్చి, పవర్ బ్యాంకు, కాగితం మ్యాపు తీసుకెళ్లండి. స్కాట్లాండ్‌లో వేసవిలో మిడ్జ్ అనే నుసుముల వంటి పురుగులు గుంపులుగా కుడతాయి, ముఖానికి వేసుకునే సన్నని వల అక్కడి దుకాణాల్లో దొరుకుతుంది. జింకలు తిరిగే గడ్డిలో నడిచినవారు సాయంత్రం కాళ్లు, మోకాళ్ల వెనుక చూసుకుని పట్టుకున్న రక్తం పీల్చే పురుగులుంటే తీసేయాలి. స్కాట్లాండ్‌లో 2003 నాటి చట్టం ప్రకారం బాధ్యతగా మసలుకుంటే బంజరు భూముల్లో ఎక్కడైనా నడవవచ్చు, ఇంగ్లండ్‌లో చాలాచోట్ల గుర్తు పెట్టిన కాలిబాటలే పట్టుకోవాలి. రెండు చోట్లా పట్టాల వెంబడి నడవడం నేరం. మన దగ్గర అలవాటుగా దాటే పిల్లలకు ఇది గట్టిగా చెప్పండి.

ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. యూకే నంబరున్న ఫోను నుంచి బయలుదేరక ముందే రిజిస్టర్ అనే ఇంగ్లిషు మాటను 999కి మెసేజ్ పంపి, వచ్చిన సూచనల ప్రకారం నమోదు చేసుకుంటే, మాట వినబడనంత బలహీనమైన సిగ్నల్‌లో కూడా మెసేజ్ ద్వారా సాయం కోరవచ్చు. ఏ బండిలో వెళ్లి ఏ బండికి తిరిగి వస్తున్నారో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉన్నవారికి ఇచ్చి వెళ్లండి, తిరుగు బండి ఎక్కగానే వారికి కబురు చేయండి.